ఆదివారము ఎవరికి?

వారమునకు ఏడు దినములనియు, అందొకటి సెలవుదినమనియు బడిలో చేరిన మొదటి వారముననే తెలిసికొందుము. గాలివలె, నీటివలె ఈ సెలవు కూడ అనాదిగా ఉన్నదని భావించుట మనకు అలవాటైనది. కాని తెలుగుదేశపు పాత వీధిబడులలో ఆటవిడుపులు తిథులను బట్టి వచ్చెడివి. పాడ్యమి, అష్టమి అనధ్యయనములు. రైతునకు తెరపి ఋతువును బట్టి దొరకెడిది. కూలివానికో, పని దొరకని నాడే విశ్రాంతి. ఆకలితో కూర్చుండుటను విశ్రాంతి యనుట పరిహాసము. పని యున్నను లేకున్నను, యజమానికి ఇష్టమైనను కాకున్నను, ఏడు దినములకొకసారి అందరును ఆగవలెనను నియమము యూదుల ధర్మశాస్త్రమునుండి క్రైస్తవులకు సంక్రమించినది.

పది ఆజ్ఞలలో అది యొకటి. కాథలిక్కులు, లూథరనులు దానిని మూడవదిగాను, ఇతరులు నాల్గవదిగాను లెక్కింతురు. బైబిలులో ఆ ఆజ్ఞ రెండు తావుల కనబడును, రెండు తావులను కారణము వేరు. నిర్గమకాండములో, దేవుడు ఆరు దినములు సృష్టిచేసి ఏడవనాడు విశ్రమించెను గనుక మీరును విశ్రమింపుడని యున్నది. ద్వితీయోపదేశకాండములోని కారణము మరియొకటి: మీరు ఐగుప్తులో బానిసలైయుంటిరి, ఆ సంగతి మరువవలదు. మన ప్రసంగవేదికలమీద మొదటి కారణమే తరచుగా వినబడును. అది వినుటకు సుఖముగా నుండును. రెండవది యజమానిని తిన్నగా చూచి పలికిన మాట. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట తలదాచుకొన్న పరదేశి, వీరందరును ఆగవలెనని ఆ ఆజ్ఞ పట్టిక వేసి చెప్పుచున్నది. తానొక్కడు చాప పరచుకొని పరుండినంత మాత్రమున ఆజ్ఞ నెరవేరినట్లు కాదు.

తొలినాటి క్రైస్తవులు ప్రభువు పునరుత్థానమును స్మరించుచు శనివారమునకు మారుగా వారపు మొదటిదినమున కూడుకొనజొచ్చిరి. క్రీస్తు శకము 321లో రోమను చక్రవర్తి కాన్‌స్టంటైను ఆ దినమున న్యాయస్థానములును, పట్టణములలోని వృత్తులును నిలిచిపోవలెనని శాసించెను. సేద్యగాండ్రకు మాత్రము పనిచేసికొను అనుమతి నిచ్చెను. వానకును విత్తునకును వారములతో పని లేదుగదా!

ఈ సెలవు వెల ఎంతటిదో తెలియవలెనన్న రోమునకు పోనక్కరలేదు, ఒంగోలు చాలును. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చెను. ఆ ప్రాంతమున క్రైస్తవులైన మాదిగ కుటుంబములకు మూడు నియమములు విధింపబడెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. నేటి చదువరికి ఇందు మొదటిది అన్నిటికంటె తేలికగా తోచును. వారికి అదియే కష్టమయ్యెను. చెప్పులు కుట్టుట, కపిల బానలు బాగుచేయుట వారి వృత్తి. ఊరివారు ఎప్పుడు పిలిచిన అప్పుడు పోవుట వారి విధి. అందుకు ప్రతిఫలము పంటలో కొన్ని గింజలు. బావిమీద బాన చినిగిన రైతునకు అది ఏ వారమైన ఒకటే. అట్టి తరుణమున, నేడు రాను, రేపు వచ్చెదనని మాదిగవాడు పలుకుట ఊరు ఎన్నడును విని యెరుగనిది. దానికి ఊరి పెద్దలు ఆగ్రహించిరి, ఆ కుటుంబములు పెక్కు బాధలు పడెను. అయినను 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వీరు క్షామమునుబట్టి వచ్చినవారని విమర్శించినవారు కలరు. కావచ్చును. కాని తన కాలములో ఏడవవంతు తనదని చెప్పగలుగుట ఆ మనుష్యునకు కొత్త సంగతి. ఆ కొత్తదనమును తేలికగా తీసివేయుట నాకు న్యాయముగా తోచదు.

ఇక మిల్లులలో ఆ సెలవు సాధించినవాడు క్రైస్తవుడు కాడు. జ్యోతిబా ఫూలే అనుచరుడైన నారాయణ మేఘాజీ లోఖండే బొంబాయిలో కార్మికులను కూడగట్టి యేండ్ల తరబడి అడుగగా, 1890లో మిల్లు యజమానులు ఆదివారపు సెలవునకు అంగీకరించిరి. స్వాతంత్ర్యానంతరము 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారపు మొదటిదినమును సెలవుగా నిర్దేశించినది. ఆ విధముగా ఒక మతగ్రంథములోని వాక్యము ఎల్లర హక్కుగా మారెను.

ఇప్పటి మన సంగతి చూతము. ఉదయము చక్కని బట్టలు ధరించి ఆరాధనకు పోదుము. రెండు కీర్తనలు పాడి, ప్రసంగము విని, మెట్లు దిగకముందే సెల్‌ఫోను తీసి బిర్యానీ తెప్పించుకొందుము. పదునెనిమిదేండ్ల కుర్రవాడు ఎండలో స్కూటరుమీద వచ్చి, పొట్లము చేతికిచ్చి, మరియొక వీధికి పరుగెత్తును. ఇంటికడ అంట్లు తోమునామె ఆదివారము రాకున్న చిరాకు పడుదుము. నెలాఖరున ఆ దినపు జీతము తగ్గించువారును కలరు. దాసి యను పదము ఇప్పుడు మనము వాడము. పట్టికలోని ఆ స్థానము మాత్రము ఖాళీగా లేదు.

ఇట్లనగా, ఆదివారము స్టవ్ వెలిగింపరాదనియు, వార్తాపత్రిక చదువరాదనియు నిషేధముల చిట్టా తయారుచేయుట నా యుద్దేశము కాదు. అట్టి చిట్టాలు వ్రాసినవారితోనే యేసు వాదమాడెను. ఆకలిగొన్న శిష్యులు చేనిలో వెన్నులు త్రుంచిన తప్పు పట్టినవారిని మందలించెను, ఊచచేయిగలవానిని విశ్రాంతిదినముననే స్వస్థపరచెను. ఆసుపత్రిలో నర్సు, రైలింజను నడుపువాడు, ఈ మైకు ముందు కూర్చున్నవాడు ఆదివారమున మానుటకు వీలులేదు. పాదిరిగారికైతే అదియే పెద్ద పనిదినము. వారికి మరియొక దినము దొరికిన చాలును. సరకు పది నిముషములలో అందవలెనను మన తొందర అట్టి యవసరమని చెప్పుటకు మాత్రము నాకు నోరురాదు.

ఆ పట్టికలో ఒక లోపము కలదు. కుమారుడు, కుమార్తె, పశువు, పరదేశి అందరును ఉన్నారు. భార్య పేరు లేదు. నీవు అను మాటలోనే ఆమెయు ఇమిడియున్నదని వ్యాఖ్యాతలు కొందరందురు. ఆ వ్యాఖ్యానము మన వంటిండ్లకు ఇంకను చేరలేదు. తెలుగు క్రైస్తవ గృహములలో ఆదివారము మాంసపు కూర నాడు, చుట్టములు వచ్చు నాడు. మసాలా నూరుట, అన్నము వార్చుట, వడ్డించుట, గిన్నెలు సర్దుట, వీనితో ఇల్లాలికి వారములో అదియే బరువైన దినము. గుడిలో కన్నులు మూసి ప్రార్థించునప్పుడును పొయ్యిమీది కూర ఆమె తలపులో ఉడుకుచునే యుండును.

అరణ్యములో మన్నా కురిసిన కాలమున ఆరవనాడు రెండుదినములకు సరిపడ ఏరుకొనుడని ఆజ్ఞ. ఇతర దినములలో దాచిన మన్నా పురుగుపట్టెను, ఆ యొక్కరాత్రి దాచినది చెడలేదు. వంటింటి భాషలో చెప్పిన, అది ముందురోజే సిద్ధము చేసికొను పద్ధతి. శనివారము సాయంకాలము భర్త ఉల్లిపాయలు తరిగి, కుమారుడు చింతపండు పిసికి, రాత్రియే పులిహోర కలిపియుంచిన మరునాడు పొయ్యితో పని యుండదు. పులిహోర మరునాటికి మరింత రుచిగా నుండునని మన యిండ్లలో ఎరుగనివారు లేరు.