ఊరు నమ్మితేనే శాస్త్రం

పట్టాలు అందుకుంటున్న మీకందరికీ అభినందనలు.

వానలు తక్కువైన మన ఉరవకొండలో నీళ్లు వచ్చినప్పుడే తొట్లు, డ్రమ్ములు, మిద్దెమీది ట్యాంకులు నింపుకోవాలి. మూత లేని అలాంటి నీళ్లలోనే గుడ్లు పెట్టే మలేరియా దోమ ఒకటుంది. దాని పేరు అనాఫిలిస్ స్టీఫెన్సీ. అందుకే కరువు సీమకూ దోమల చదువు అవసరం.

ఆ చదువులో పెద్ద మలుపు తెలుగు నేల మీదే వచ్చింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో వైద్యుడు రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

తర్వాతి తరం శాస్త్రవేత్తలు దోమతోనే దోమను తగ్గించాలనుకున్నారు. మగదోమ కుట్టదు, పూలతేనె తాగి బతుకుతుంది. ఆడదోమ సాధారణంగా ఒక్కసారే జతకడుతుంది. రేడియేషన్‌తోనో రసాయనంతోనో సంతానశక్తి పోగొట్టిన మగదోమలను లక్షల్లో వదిలితే, వాటితో కలిసిన ఆడదోమల గుడ్లు పొదగవు. 1972లో ఎల్ సాల్వడార్‌లోని అపాస్తెపెకె సరస్సు దగ్గర ఐదు నెలల్లో 40 లక్షలకు పైగా మగదోమలను వదిలి, అక్కడి మలేరియా దోమను దాదాపు లేకుండా చేశారు.

మన దేశంలోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీలో ఇలాంటి పరిశోధన మొదలుపెట్టాయి. దీని వెనుక జీవాయుధాల ఆలోచన ఉందేమోనన్న అనుమానం పత్రికల్లో, పార్లమెంటులో చెలరేగింది. 1975లో ఆ కేంద్రం మూతపడింది. ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో జనానికి ముందే విడమరచి చెప్పకపోతే ఎంత మంచి శాస్త్రమైనా ఊళ్లో నిలవదని నేను గట్టిగా నమ్ముతాను.

మీలో కొందరు ప్రయోగశాలలకు, కొందరు బడులకు, కొందరు సచివాలయాలకు వెళతారు. బిందె నీళ్ల కోసం గంటలు కాచుకున్న అమ్మను శుక్రవారం డ్రై డే అని తొట్టి ఖాళీ చేయమంటే ఆమెకు కోపం రావడం న్యాయమే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుందని, అందుకే వారానికోసారి ఖాళీ చేయమంటున్నామని ఆమెకు చెప్పండి. తొట్టికి మూత వేయించండి, మూత లేకుంటే గుడ్డ కట్టించండి. రేపు ఏ కొత్త పద్ధతి వచ్చినా దాని లాభం, దాని పరిమితి రెండూ దాచకుండా చెప్పండి. వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నకూ ఓపికగా, వాళ్ల మాటల్లోనే జవాబివ్వండి. మిమ్మల్ని చదివించిన ఊరికి మీరు తీర్చవలసిన బాకీ అదే.