చేతి వణుకు: మెదడులో ఏర్పడు కొరత
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పింఛను కాగితముపై వేలిముద్ర వేయవచ్చిన ఒక వృద్ధుని కుడిచేయి ఒడిలో ఊరక ఉండియే వణకుచుండెను. ప్రక్కవారు "ప్రొద్దుననే కల్లు పుచ్చుకొన్నట్లున్నాడు" అని నవ్విరి. ఆయన కల్లు ముట్టి ఎరుగడు. ఆ మాటకు ఆయన ముఖమున కోపమైనను కానరాలేదు. మనసున బాధ లేక కాదు. ముఖకండరములు బిగిసి కదలకుండుటయు ఆ వ్యాధి లక్షణమే. దీనిని మనవారు కంపవాతమందురు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురిని గమనించి, వారిలో కొందరిని వీధిలో చూచియే, దీనిని వర్ణించినందున పార్కిన్సన్ వ్యాధి యని పేరు వచ్చెను.

మధ్యమెదడులో నల్లని రంగుగల ఒక చిన్న కణసముదాయము గలదు. అచటి నాడీకణములు డోపమైను అను రసాయనమును తయారుచేసి, కదలికలను దిద్దు కేంద్రములకు అందించుచుండును. ఆ కేంద్రములలో అసిటైల్ కోలీన్ అను మరియొక రసాయనమును పనిచేయును. ఈ రెండును జోడెడ్లవంటివి. నల్లని కణములు నశించి డోపమైను తగ్గినచో, ఒక ఎద్దు చతికిలబడిన బండివలె కదలిక దారి తప్పును. నడక మందగించును, కీళ్ళు బిగియును, చేయి వణకును. ఆ కణములలో పెద్దభాగము నశించువరకు పైకేమియు తెలియదు.

ఈ సంగతి బయటపడిన కథలో మన సర్పగంధికిని పాలు గలదు. ఆ వేరునుండి తీసిన రిసర్పిను అను మందు రక్తపుపోటునకు వాడుకలో నుండెను. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ దానిని కుందేళ్ళకీయగా అవి కదలక మెదలక పడియుండెను. పిమ్మట డోపా యను పదార్థమును ఎక్కింపగా కొద్దిసేపటికే లేచి తిరిగెను. ఇది 1957 నాటి మాట. 1960లో వియన్నాలో ఎహ్రింగర్, హోర్నికీవిచ్ అనువారు ఈ వ్యాధితో మరణించినవారి మెదళ్ళను పరీక్షించి, డోపమైను మిక్కిలి తగ్గియుండుట కనుగొనిరి. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమానము లభించెను.

కొరత తెలిసినది గదా, డోపమైనునే ఈయరాదా యందురేమో. రక్తమునుండి మెదడులోనికి అది ప్రవేశింపజాలదు. దాని ముడిసరుకైన లీవోడోపా ప్రవేశించి, లోపల డోపమైనుగా మారును. అది దారిలోనే మారి వృథా కాకుండ కార్బిడోపా యను తోడుమందు కలిపి బిళ్ళలుగా నిత్తురు. పిల్లలు ఆటకై ఒకరిమీదనొకరు చల్లుకొను దూలగొండి మీరెరుగుదురు. దాని గింజలనుండియే 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనువారు ఈ లీవోడోపాను వేరుచేసిరి. అంతమాత్రమున గింజలు నూరి మ్రింగరాదు. ఏ గింజలో ఎంత యుండునో కొలత లేదు.

ఒక సంగతి దాచక చెప్పవలెను. మందగించిన నడక ఈ మందునకు లొంగినంతగా వణుకు అందరిలోను లొంగదు. వణుకులో చిన్నమెదడునకు సంబంధించిన నాడీమార్గములకును పాత్ర గలదు. వణకు ప్రతివానికిని ఈ వ్యాధియే యనియు అనుకొనరాదు. గ్లాసు ఎత్తునపుడు మాత్రమే చేయి వణకినచో అది తరచు వేరొక జబ్బు. వాంతులకును మానసిక రోగములకును వాడు కొన్ని మందులవలనను వణుకు రావచ్చును. కావున రోగి వాడు మందులన్నియు వెంటగొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచటినుండి నాడీవైద్యుని వద్దకు పంపుడు. ఇది అంటువ్యాధి కాదు. మందును ఒక్కసారిగా మానుట అపాయకరము. పప్పు, మాంసము నిండుగా గల భోజనముతో కలిపి వేసికొన్న దాని బలము తగ్గవచ్చును.

మందు వేసికొన్న అరగంట, గంటలోపల చాలమందికి చేయి కొంత నెమ్మదించును. అట్టివారిచే సంతకముగాని వేలిముద్రగాని తీసికొనవలసియున్నచో వారి మందు వేళ అడిగి, ఆ పిమ్మట పిలిపింపుడు.