కోకో బీచి కెరటాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమెరికా వెళ్ళొచ్చారు కదా, నాలుగు ముక్కలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. డిస్నీ వరల్డ్ సంగతులు ఇదివరకే చాలామంది చెప్పారు గనుక, నేను సముద్రం గురించి చెబుతాను.

మా అమ్మాయివాళ్ళు ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఉంటారు. కారులో గంట ప్రయాణం చేస్తే అట్లాంటిక్ ఒడ్డున కోకో బీచి. మన విశాఖలాగే తూర్పు తీరం. పలక మీద నిలబడి కెరటాలపై జారే సర్ఫింగుకు పేరు. పదకొండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన కెల్లీ స్లేటర్ 1972లో పుట్టింది ఆ ఊళ్ళోనే. తీరా చూస్తే మామూలు రోజుల్లో కెరటాలు మోకాలెత్తే! సముద్రం చాలా దూరం మెరకగా ఉండటంతో కెరటం బలం దారిలోనే తగ్గిపోతుంది. ఉదయం నేలగాలి ఉంటే కెరటం నున్నగా నిలబడుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే చెదిరిపోతుంది.

సెప్టెంబరులో ఒకనాడు వెళ్ళాం. ఆకాశం నిర్మలం, గాలి లేదు, కెరటాలు నడుమెత్తు. "తాతయ్యా, ఈతకు వెళ్ళనా?" అన్నాడు మనవడు. ముప్ఫై ఏళ్ళు పోర్టులో పోటుపాట్ల పట్టికలు రాసినవాణ్ణి, "వెళ్ళరా" అనేశాను. గాలి లేక వాలిపోయిన ఎర్రజెండాను చూడలేదు.

వందల మైళ్ళ అవతల తుపాను ఉందట. ఎత్తొక్కటే చూస్తే చాలదు, కెరటానికీ కెరటానికీ మధ్య వ్యవధి చూడాలి. ఆరు సెకన్లకొకటి వచ్చే మూడడుగుల కెరటం కంటే పన్నెండు సెకన్లకొకటి వచ్చే మూడడుగుల కెరటానికి బలం చాలా ఎక్కువ. ఒడ్డుకొచ్చిన నీరు ఇసుకమేటల మధ్య సందు చూసుకుని వెనక్కి లాగుతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. కెరటాలు విరగకుండా నెమ్మదిగా కనిపించే చోటే అది. మావాడు ఎంచుకున్నదీ ఆ చోటే.

చూస్తుండగానే వాడి తల కొబ్బరికాయంత అయింది. నాకు నోట మాట రాలేదు. కాపలా కుర్రాడు దూకాడు. ఒడ్డుకు ఎదురీదకుండా, తీరం వెంబడి పక్కకు లాక్కెళ్ళి, లాగుడు తప్పాక ఒడ్డుకు తెచ్చాడు. మా అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇప్పుడు మన బీచికి నడకకు వెళ్ళినా వాచీ చూస్తూ కెరటాలు లెక్కపెడుతుంటాను. నాడి చూసుకుంటున్నాననుకుని మా ఆవిడ కంగారు పడుతుంది.