బయోటెక్ కంపెనీలో పని – మన ఇళ్ల పిల్లలకు తెలియవలసింది

మగ్గాల ఇళ్లలో పుట్టి, బెంగళూరు బయోటెక్ కంపెనీల్లో పని చేస్తున్న మా అందరి తరఫున ఈ నాలుగు మాటలు.

వెంకటమ్మనహళ్లి, వై.ఎన్. హొసకోట వైపు మన ఇళ్లలో ఇప్పుడు ఒకటే ప్రశ్న: "పాప బీఎస్సీ అయిపోయింది, బయోటెక్ కంపెనీకి పంపచ్చా?" పంపచ్చు. అయితే పని ఎట్లాంటిదో తెలుసుకొని పంపండి.

మన రాష్ట్రంలో ఈ రంగానికి పెద్ద పేరు బయోకాన్. 1978లో కిరణ్ మజుందార్ షా బెంగళూరులో ఒక అద్దె ఇంటి గ్యారేజీలో, 10,000 రూపాయలతో మొదలుపెట్టారు. తొలిరోజుల్లో బొప్పాయి నుంచి పపేన్ అనే ఎంజైమ్ తీశారు. 2004లో ఇన్సులిన్ మార్కెట్‌కు తెచ్చారు. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. రెండింటిలోనూ పని చేసేది ఈస్ట్ అనే సూక్ష్మజీవే. దానిలో తగిన జన్యువు పెట్టి, స్టీలు ట్యాంకుల్లో పెంచి, అది తయారుచేసిన ప్రోటీన్‌ను శుద్ధి చేస్తారు.

ట్యాంకుకు రాత్రీ పగలూ లేదు. అందుకే మాకు మూడు షిఫ్టులు. శుభ్రమైన గదుల్లోకి పోవాలంటే గాజులు, పూలు, గడియారం బయటే వదలాల. తల నుంచి కాలి దాకా కప్పుకొని గంటల కొద్దీ నిలబడాల. మగ్గం మీద పోగు తెగితే ముడేసుకుంటాం. ట్యాంకులో పరాయి సూక్ష్మజీవి చేరితే ముడేసే దారి లేదు, మొత్తం పారబోయాల్సిందే. అందుకే ప్రతి పనీ టైముతో సహా రాసి సంతకం పెట్టాల. రాయకపోతే చేయనట్టే లెక్క. తప్పు రాస్తే దిద్దకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాల. పడుగు సరిచూసే ఓపిక చిన్నప్పుడే అలవడిన మన పిల్లలు ఇక్కడ బాగా నిలబడతారు.

కష్టం ఇంకోచోట ఉంది. ఒకే గేటులో ఇద్దరు లోపలికి పోతారు. ఒకరికి జీతం కంపెనీ ఇస్తుంది, ఇంకొకరికి కాంట్రాక్టరు ఇస్తాడు. బయట ఇద్దరినీ "పెద్ద కంపెనీ ఉద్యోగి" అనే అంటారు. పెళ్లి సంబంధాల్లోనూ అదే మాట. కాంట్రాక్టు ముగిస్తే మాత్రం ఒకరే ఇంటికొస్తారు.

కాబట్టి చేరే ముందు నాలుగు అడగండి. నియామక పత్రం ఎవరి పేరున ఇస్తారు? తయారీ, నాణ్యత పరీక్ష, ప్యాకింగు – వీటిలో ఏ విభాగం? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? రాత్రి షిఫ్టుకు ఆడపిల్లలకు ఇంటిదాకా బండి ఉందా? అడగడానికి మొహమాటం వద్దు. జరీ కొనేటప్పుడు నాలుగుసార్లు రుద్ది చూసేవాళ్లం, బిడ్డ బతుకు విషయంలో ఊరికే ఎట్ల ఒప్పుకుంటాం?

ఐటీఐ, డిప్లొమా పిల్లలకూ యంత్రాల విభాగంలో పని దొరుకుతుంది. అడగాలనుకున్నవాళ్లు సభ అయినాక మా దగ్గరికి రండి, మాకు తెలిసింది చెప్తాం.

జై చేనేత!