గుంటుపల్లి గుహ: రాతిలో చెక్కిన పూరిల్లు

ఈ ఎపిసోడ్‌లో మనం గుంటుపల్లి కొండ ఎక్కుతున్నాం. కామవరపుకోట మండలం జీలకర్రగూడెం దగ్గర ఉంటుంది. మొన్నటిదాకా పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు జిల్లా. శాసనాల్లో ఈ కొండ పేరు మహానాగపర్వతం.

ఇక్కడ గుండ్రంగా తొలిచిన ఒక చైత్యగృహం ఉంది. సుమారు 2,200 ఏళ్ల నాటిది. అడ్డంగా కొలిస్తే ఇంచుమించు 18 అడుగులు, అంతే. మధ్యలో స్తూపం, చుట్టూ ప్రదక్షిణ చేయడానికి సన్నటి దారి.

నేను మొదటిసారి లోపలికెళ్లి పైకి చూడగానే మా అమ్మమ్మగారి ఊళ్లోని చుట్టిల్లు గుర్తొచ్చింది. కప్పు నిండా వాసాలు! కానీ అవి చెక్కవి కాదండి, రాయి. పోనీ కప్పుని మోస్తున్నాయా అంటే, అదీ లేదు. ఇది కట్టిన గది కాదు, కొండని తొలిచిన గది. ఇక్కడ వాసాల అవసరమే లేదు.

మరి ఎందుకు చెక్కారు? అప్పటివాళ్లకి గుడి, ఇల్లు అంటే కలప, గడ్డితో కట్టినవే. ఆ రూపాన్నే రాతిలోకి దించారు. గుమ్మం పైన కూడా లాడం ఆకారంలో కమాను, చెక్క దూలాల పోలికే. బీహార్‌లో అశోకుడి కాలం నాటి బరాబర్ గుహల్లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. ఆనాటి పూరిళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. వాటి కప్పు ఎలా ఉండేదో చెప్పేది ఈ రాయే.

ఇంకో సంగతి. ఆ స్తూపం ఎక్కడినుంచో తెచ్చి పెట్టింది కాదు, చుట్టూ రాయి తొలిచేసి దాన్ని మిగిల్చారు. ఉలి ఒక్కసారి తప్పితే మళ్లీ అతికించడం కుదరదు కదా!

బయటికొస్తే భిక్షువులు ఉన్న గుహలు, ఇటుకల చైత్యం, వరుసగా చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు కనిపిస్తాయి.

ఊళ్లోవాళ్లు ఆ గుహలోని స్తూపాన్ని ధర్మలింగేశ్వరస్వామి అంటారు. "ఇంతకీ ఇది బుద్ధుడిదా, శివుడిదా?" అని గొడవపడేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. కట్టించింది బౌద్ధులు, అందులో అనుమానం లేదు. కానీ దండం పెట్టిన చేతులు దాన్ని పగలగొట్టవు కదా. భయమల్లా తాళంచెవితో గోడ మీద పేరు గీసే చేతులతోనే. అది ఇసుకరాయి, ఇట్టే గీత పడుతుంది.

మీరు వెళ్తే పైకి చూడండి, వాసాలు లెక్కపెట్టండి, ఫొటో తీసుకోండి. గోడ మీద మాత్రం మీ పేరు వదిలి రాకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!