చెరువు గట్టు, వేపచెట్టు, మన ఇల్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



బ్రతుకు తెరువునకై బెంగుళూరు చేరిన మన కుటుంబములన్నిటికిని ఒకటే కోరిక: చిన్న సైటు కొని సొంత ఇల్లు కట్టుకొనవలెనని. ఊరిలో పొలము అమ్మిన పైకమును, ఏండ్ల తరబడి జీతములో మిగిల్చిన పైకమును అందులోనే పోయుదుము. కనుక ఇల్లు ఎంత గొప్పగా కట్టవలెనను దానికంటె, ఎక్కడ కట్టవలెనను మాట ముందు ఆలోచించుకొందము.

ఈ నగరము సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఊరి నడుమ వెన్నెముకవంటి మిట్ట కలదు. దానికి పడమట కురిసిన వాన వృషభావతి, అర్కావతుల ద్వారా కావేరిని చేరును. తూర్పున బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినికి పోవును. మన నెల్లూరివారి పెన్న ఉత్తర పినాకిని. రెండును నంది కొండల ప్రాంతమున పుట్టినవే. పెద్ద నది లేని ఈ ఊరికి పూర్వులు చెరువులు కట్టి, ఒకదాని అలుగు నీరు మరియొకదానికి చేరునట్లు రాజకాలువలు తీసిరి. ధర్మాంబుధి చెరువు బస్‌స్టాండైనది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియమైనది. పేర్లు మారినవి కాని పల్లము మారలేదు. 2022 సెప్టెంబరు వానలకు బెళ్ళందూరు వైపు కోట్ల విలువగల ఇండ్లవారు పడవలలోను, ట్రాక్టర్లమీదను బయటపడిరి.

2015 మాస్టర్ ప్లాన్ చెరువు హద్దునుండి 30 మీటర్లు, రాజకాలువల నడిమినుండి వాని తరగతినిబట్టి 50, 25, 15 మీటర్లు వదలుమన్నది. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెరువు దూరమును 75 మీటర్లకు పెంచగా, 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పెంపును త్రోసివేసినది. కొలతలు ఇట్లు మారుచుండును గనుక, ప్లాను ఇచ్చు నాటికి అమలులో ఉన్నదానిని కార్యాలయముననే అడిగి తెలిసికొనవలెను.

30 అడుగులకు 40 అడుగుల సైటు అనగా 9 మీటర్లకు 12 మీటర్లు. 15 మీటర్ల లెక్క పట్టినను, కాలువ నానుకొనిన సైటు దాదాపు మొత్తము అందులోనే పడును! రిజిస్ట్రేషను అయినదని ధీమాపడరాదు. గ్రామ నక్షాలో కాలువ గీత ఎటు పోయినదో, పహాణీలో ‘బి’ ఖరాబు అని ఉన్నదో లేదో చూచిన పిమ్మటనే బయానా ఇయ్యవలెను. దారులు, వాగులు మొదలగు ప్రజల భూమినే అట్లు వ్రాయుదురు.

ఇక చెట్టు మాట. కర్ణాటకలో 1976 నుండి వృక్ష సంరక్షణ చట్టము కలదు. మినహాయించిన కొన్ని జాతులు తప్ప, మన దొడ్డిలోని చెట్టునైనను వృక్షాధికారి అనుమతి లేక కొట్టరాదు.

వెనుక కాలువ, ముందు పెద్ద వేపచెట్టు ఉన్నవనుకొందము. వెనుక చోటు వదలవలసివచ్చినదని ఇంటిని ముందునకు జరిపి చెట్టును నరుకుటయే సులభముగా తోచును. అట్లు చేయనక్కరలేదు. క్రింద గదులు తగ్గించి మేడమీద వేసికొనవచ్చును. చెట్టు వైపు పొడవైన పునాది గుంట త్రవ్వక, వేళ్ళు తప్పించి స్తంభములు నిలిపి పైన దూలము వేయవచ్చును. పెద్ద వేళ్ళు తెగిన చెట్టు వేసవి గాలివానకు మన ఇంటిమీదనే పడగలదు. సంపును రెండవ ప్రక్కకు మార్చి, మొదలు చుట్టు సిమెంటు పోయకున్న చాలును. వెనుక వదలిన నేలను మట్టిగానే ఉంచిన వాననీరు ఇంకును.

వాస్తు చూచుకొనువారు చూచుకొనవచ్చును. కాని నీరు ఈశాన్యమును చూడదు, పల్లమును చూచును. గదులు కాగితముమీద దిద్దుకొనవచ్చును, పల్లమును దిద్దలేము.

ఈ నగరము మనకు అన్నము పెట్టినది. దాని నీటి దారికి మన గోడ అడ్డుపడిన, మునుగునది మనతోపాటు పొరుగు కన్నడ సోదరుడును. ఇల్లు పది అడుగులు చిన్నదైనను లోటు లేదు. మన మనుమలు ఉగాది పచ్చడికి వేపపువ్వు అంగడిలో కొనక, తమ వాకిటనే కోసికొనవలెనని మా కోరిక.