మలేరియా నిర్ధారణ - ప్రయోగశాల పద్ధతులు
(ప్రసంగ పాఠం)



ఋషికుల్య నది సాగరసంగమం చేరువనున్న గంజాం ఒకప్పుడు జిల్లాకు ముఖ్యపట్టణం. 1815 ప్రాంతంలో అక్కడ ఒక విషజ్వరం ప్రబలి, ఎందరినో పొట్టన పెట్టుకొన్నది. కచేరీలు సైతం ఆ పట్టణాన్ని విడిచిపోయాయి. ఆ జ్వరం ఏ జాతిదో రక్తాన్ని పరీక్షించి తేల్చగల సాధనం నాటి వైద్యుల వద్ద లేదు. చిత్తడి నేలలనుండి వెలువడే చెడుగాలియే జ్వరకారణమని ఆనాటి నమ్మకం. మలేరియా అన్న మాటకు అర్థం కూడా చెడుగాలి అనియే.

1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో పరాన్నజీవిని దర్శించాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దానిని దోమ కడుపులో గుర్తించాడు. నాటినుండి ఊహకు బదులు పరీక్షయే ప్రమాణమైంది.

అయితే మలేరియా ఉన్నదని తెలిసినంత మాత్రాన చాలదు. ఏ జాతి అన్నది కూడా తెలియాలి. ఒడిశాలో అధికంగా కనిపించే ఫాల్సిపారం మెదడుకు సోకి, సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణం తీయగలదు. వైవాక్స్ కాలేయంలో నిద్రాణంగా దాగి, నెలల తరువాత మళ్ళీ తలయెత్తుతుంది. మొదటిదానికి ఆర్టిమిసినిన్ సంయుక్త చికిత్స అవసరం. రెండవదానికి క్లోరోక్విన్‌తోపాటు, వైద్యుని సలహాపై పద్నాలుగు దినాల ప్రైమాక్విన్ వాడాలి. జాతిని పొరబడితే చికిత్సయే దారి తప్పుతుంది.

పరీక్షలలో ప్రాచీనమైనది రక్తపు పూత. వ్రేలిని సూదితో గుచ్చి తీసిన రక్తంతో ఒకే గాజుపలకపై రెండు పూతలు వేస్తారు. మందపు పూతలో ఎర్రకణాలు కరిగిపోయి పరాన్నజీవులు మిగులుతాయి. ఎక్కువ రక్తాన్ని తక్కువ కాలంలో గాలించవచ్చు. పలుచని పూతను మిథనాల్‌తో స్థిరపరచినందున కణాలు చెదరవు. జాతి నిర్ణయానికి అదియే ఆధారం. జీమ్సా రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడగా, ఫాల్సిపారం సన్నని ఉంగరాలుగా, నెలవంక రూపంలో కనిపిస్తుంది. వైవాక్స్ సోకిన కణం ఉబ్బి, షఫ్నర్ చుక్కలతో నిండి ఉంటుంది. మలేరియే జాతి కణానికి అడ్డంగా పట్టీవలె పరచుకొంటుంది. ఖర్చు స్వల్పం, పరాన్నజీవుల సంఖ్యను లెక్కించవచ్చు, మందు పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవచ్చు. కాని చూచే కన్నుకు శిక్షణ, ఓర్పు ఉండాలి.

సూక్ష్మదర్శిని చేరలేని కొండపల్లెలకు శీఘ్రపరీక్ష పట్టీ వరమైంది. పావుగంట, ఇరవై నిమిషాలలో ఫలితం చూపుతుంది. ఆశా కార్యకర్త గడప వద్దనే చేయగలదు. అది వెదికేది పరాన్నజీవిని కాదు, దాని మాంసకృత్తును. ఫాల్సిపారం విడిచే హెచ్.ఆర్.పి.-2 మాంసకృత్తు జబ్బు తగ్గిన తరువాత కూడా కొన్ని వారాలు రక్తంలో నిలిచి, లేని జబ్బును ఉన్నట్లు చూపవచ్చు. ఆ మాంసకృత్తుకు మూలమైన జన్యువే లేని పరాన్నజీవులు పెరూ దేశంలో ఉన్నాయని 2010లో వెల్లడైంది. అట్టివి ఈ పట్టీకి చిక్కకపోవచ్చు.

మూడవది పి.సి.ఆర్. పరాన్నజీవి జన్యుపదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి గుర్తించే ఈ పద్ధతి, మిగిలిన రెండింటికీ అందనంత స్వల్ప సంఖ్యను పట్టగలదు. ఒకే రోగిలో కలిసియున్న రెండు జాతులను కూడా విడదీయగలదు. కాని ఖరీదైన యంత్రాలు, నిపుణులు, సమయం కావాలి. జ్వరంతో కాగుతున్న బిడ్డకు ఆ రాత్రికి చికిత్స నిర్ణయించడానికి ఇది సాధనం కాదు. పరిశోధనకు, సందేహ నివృత్తికి సాధనం.

ఒడిశాలో 2016లో నాలుగు లక్షలకు పైగా మలేరియా కేసులు నమోదయ్యాయి. 2017లో ఆరంభమైన 'దమన్' కార్యక్రమంలో దుర్గమ గ్రామాలలో జ్వరం లేనివారికి సైతం పరీక్షలు జరిపారు. తరువాతి రెండేళ్ళలో కేసులు బాగా తగ్గాయి. కేసులు తగ్గేకొద్దీ మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. రోజంతా చూచినా ఒక్క పరాన్నజీవి కనిపించని చోట, దానిని గుర్తుపట్టే కన్ను మొద్దుబారుతుంది. లక్షణాలు లేకుండా పరాన్నజీవిని మోస్తున్నవారు అప్పుడే తప్పించుకొంటారు.

కనుక తల్లిదండ్రులకు విన్నపం: జ్వరం రాగానే అంగడి మాత్రలతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించాలి, జ్వరం తగ్గిందని మందు మధ్యలో ఆపరాదు. ఉపాధ్యాయులకు విన్నపం: ప్రయోగశాల బీరువాలోని సూక్ష్మదర్శినిని బయటకు తీసి, పిల్లలచేత చూపించాలి. బరంపురంలో 1962నుండి వైద్య కళాశాల ఉన్నది. రేపు దాని ప్రయోగశాలలో నెలవంకను పోల్చుకొనే చూపు, నేడు ఈ బల్లలపైనే అలవడాలి.